పల్లె హైస్కూల్‌కి 100 ఎంబీపీఎస్ ఫైబర్ వచ్చింది, 40 ట్యాబ్‌లలో పాఠం ఆడటం లేదు. ఎక్కడ సరిచేయాలి?

దుగ్గిరాల_కాలువ

నమస్కారమండీ. తెనాలికీ మంగళగిరికీ మధ్య ఉన్న ఒక జడ్పీ హైస్కూల్ కోసం అడుగుతున్నాను. ఉన్నవి ఇవి: 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైను, ఆపరేటర్ బిగించిన పెట్టె హెచ్‌ఎం గదిలో, దానికి రెండు గదుల అవతల 9, 10 తరగతులు, 40 ట్యాబ్‌లు, ఒక ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర). ఫిజిక్స్ ల్యాబ్ పేరుకే ఉంది. అందుకే ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే సైన్స్ ప్రయోగాలు), ఖాన్ అకాడమీ లెక్కలు, వేరే దేశంలో ఉన్నవాళ్లు నేరుగా చెప్పే పాఠాలు పిల్లలకి అందాలని లైను పెట్టించారు.

12, 15 ట్యాబ్‌ల వరకు బాగానే ఆడుతుంది. ఆ పైన ఒక్కొక్కటీ కలిసేకొద్దీ అందరి వీడియోలూ ఆగిపోయి గుండ్రం తిరుగుతూ ఉంటుంది. చివరి బెంచీల్లో కొన్ని ట్యాబ్‌లకి వైఫై అసలు తగలదు. ఆపరేటరేమో 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారమంటున్నారు.

అడగదలచినవి: ప్లాన్ పెంచాలా? పాఠాలు బడిలోనే ఒక కంప్యూటర్‌లో పెట్టుకుంటే మంచిదా? బయటి నుంచి లైవ్ క్లాసు పెట్టాలంటే ఏమేం కావాలి? ఇంకొకటి, కృష్ణ ఒడ్డున లంకలో ఇంకో బడి ఉంది, దానికి ఫైబర్ రాదు. అక్కడ ఏం చేయొచ్చు?

బెజవాడ_ఓఎఫ్‌సీ

300కి ఇప్పుడే మారకండి. ఇరుకు ఎక్కడుందో ముందు తేల్చుకోండి, దానికి రూపాయి ఖర్చు లేదు.

ఒక లెక్క చూడండి. 480పీ వీడియోకి సుమారు 1.1 ఎంబీపీఎస్ చాలు. 40 ట్యాబ్‌లకి 44. మీ లైనులో సగం కూడా కాదు. 720పీ అయితే ఒక్కోదానికి 2.5 చొప్పున 40కి సరిగ్గా 100 అవుతుంది, అప్పుడు లైను నిండిపోతుంది. ఎనిమిదంగుళాల ట్యాబ్ మీద 480కీ 720కీ తేడా పాఠానికి పనికొచ్చేంత ఉండదు. అన్ని ట్యాబ్‌లలో 480కి కట్టేయండి. 15 ట్యాబ్‌లకే ఆగిపోతోందంటే లైను కంటే ముందు ఇంకేదో ఆగుతోంది.

ల్యాప్‌టాప్‌ని పెట్టెకి ల్యాన్ కేబుల్‌తో నేరుగా తగిలించి, వైఫై ఆపి, ఉదయం 8కీ 11కీ రాత్రి 8కీ స్పీడ్ టెస్ట్ చేయండి. పగలు రెండుసార్లూ 90 దాటితే లైను మంచిదే. రాత్రి మాత్రమే పడిపోతే ఆశ్చర్యం లేదు. జీపాన్‌లో, అంటే ఇళ్లకి ఫైబర్ పంచే పద్ధతిలో, ఒక పోర్టు మీద దిగువకి (డౌన్‌లోడ్) సెకనుకి 2.488, ఎగువకి (అప్‌లోడ్) 1.244 గిగాబిట్లు ఉంటాయి, దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. రాత్రి భోజనాల వేళ ఊరంతా ఒకేసారి వాడుతుంది. బడికి ఆ వేళతో పని లేదు.

తర్వాత అదే ల్యాప్‌టాప్‌ని క్లాసు గదిలో వైఫై మీద పెట్టి, పిల్లలు వీడియోలు చూస్తుండగా తెర మీద రెండు కిటికీల్లో రెండు పింగ్‌లు నడపండి. పింగ్ అంటే చిన్న ముక్క పంపి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలవడం. ఒకటి 192.168.1.1కి, అంటే మీ పెట్టెకే. రెండోది 8.8.8.8కి, అంటే బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి. పెట్టెకి వెళ్లే పింగే 50 మిల్లీసెకన్లు దాటి ఎగిరిపడుతుంటే జబ్బు వైఫైలో ఉంది. పెట్టెకి 2, 3 ఉండి బయటికి మాత్రం 300, 400 అవుతుంటే లైను నిండిపోయి వరుస పేరుకుంటోందన్నమాట. చాలాసార్లు ఇది దిగువ వల్ల కాదు, ఎగువ వల్ల. ట్యాబ్‌లలో ఫొటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే నాలుగు ట్యాబ్‌లు చాలు ఎగువ దారి మూసేయడానికి. ఫొటో బ్యాకప్, ప్లేస్టోర్ ఆటో అప్‌డేట్ ముందు ఆపేయండి. కంప్యూటర్లలో విండోస్ ఉంటే ఆ నెట్‌వర్క్‌ని మీటర్డ్ (పొదుపుగా వాడాల్సినది) అని గుర్తు పెట్టండి.

పెట్టె సెట్టింగుల పేజీలో ఆప్టికల్ ఆర్‌ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, ఫైబర్‌లోంచి పెట్టెకి చేరే వెలుగు ఎంతో అది చెబుతుంది. అదీ చూసి ఇక్కడ రాయండి.

తొమ్మిదంగుళాల_గోడ

నా అనుమానం వైఫై మీదే. హెచ్‌ఎం గదిలో పెట్టె, మధ్యలో రెండు గదులు, అంటే మూడు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. 5 గిగాహెర్ట్జ్ తరంగం అంత దూరం ప్రాణంతో రాదు. వచ్చేది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే.

వైఫైలో తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఒక ఛానల్‌లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. దగ్గరున్న ట్యాబ్ 150 ఎంబీపీఎస్ వేగంతో పాఠం ముక్క తీసుకుంటే, చివరి బెంచీలో సిగ్నల్ అందని ట్యాబ్ అదే ముక్కని 6 ఎంబీపీఎస్‌తో తీసుకుంటుంది. అంటే 25 రెట్లు ఎక్కువసేపు గాలిని పట్టుకుని కూర్చుంటుంది. అలాంటివి నాలుగు ట్యాబ్‌లు ఉన్నా చాలు, మొదటి బెంచీ వాడికి కూడా వీడియో ఆగుతుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే. 300 ప్లాన్ తీసుకున్నా ఇది రవ్వంత కూడా మారదు.

కొన్ని ట్యాబ్‌లకి అసలు తగలకపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. ఆపరేటర్లు ఇచ్చే పెట్టెలు కొన్నిటిలో ఒక రేడియోకి 32 పరికరాలని హద్దు పెట్టి ఉంటుంది. ఇంటికి అది ఎక్కువే, క్లాసుకి చాలదు.

చేయాల్సింది ఇది. పాఠం జరిగే ప్రతి గదిలో స్లాబుకి ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పరికరం). వైఫై 6ది, సీలింగ్‌కి బిగించేది, 50 పరికరాలు మోసే ఆఫీసు రకం. వరండాలో పెట్టి రెండు గదులకి పంచుదామనుకోకండి, రెండిటికీ అరకొరే అవుతుంది. హెచ్‌ఎం గది నుంచి గది గదికి క్యాట్ 6 నెట్ తీగ, పీఓఈ స్విచ్ (నెట్ తీగ మీదే కరెంటు కూడా పంపేది) ఒకటి. తీగ 100 మీటర్లు దాటకూడదు. కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగి తీగ అని అడిగి, చివర గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. దాని మీద పీఓఈ కరెంటు పంపితే దూరంలో వోల్టేజి పడిపోయి యాక్సెస్ పాయింట్ ఆగి ఆగి లేస్తుంటుంది. కారణం దొరకక నెలలు గడుస్తాయి.

ఛానళ్లు చేత్తోనే పెట్టండి. ఒక గదికి 36, రెండో గదికి 149, వెడల్పు 40 మెగాహెర్ట్జ్. 80 పెట్టకండి. ట్యాబ్‌లన్నీ 5 గిగాహెర్ట్జ్ పట్టగలిగితే క్లాసు గదుల్లో 2.4ని పూర్తిగా ఆపేయండి. చవక ట్యాబ్‌లకి ఒక్కోసారి 2.4 మాత్రమే ఉంటుంది, ట్యాబ్ వచ్చిన అట్టపెట్టె మీద చూసుకోండి. అలా అయితే ఒకే గదిలో రెండు యాక్సెస్ పాయింట్లు, ఛానళ్లు 1, 11, వెడల్పు 20, పవర్ తక్కువ, చెరొక 20 ట్యాబ్‌లు. పక్క గదిలో కూడా అదే సమయంలో వాడితే దానికి 6 మిగులుతుంది.

పదో తరగతి వేరే భవనంలో ఉంటే ఆ మధ్య రాగి తీగ బయట లాగకండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పిడుగు అర కిలోమీటరు అవతల పడినా ఆ తీగ మీదుగా వచ్చి స్విచ్‌నీ యాక్సెస్ పాయింట్‌నీ కలిపి కాల్చేస్తుంది. రెండు భవనాల మధ్య ఫైబరే వేసి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని రాగి తీగకి కలిపేవి) పెట్టండి. గాజు మీద పిడుగు రాదు. తీగలో ఇనుప వైరు లేనిది అడగాలి, అది మాత్రం మరవకండి.

దుగ్గిరాల_కాలువ

చూశానండీ. కేబుల్ మీద ఉదయం 94, 11కి 93, రాత్రి 61. క్లాసులో వైఫై మీద పెట్టెకి పింగ్ 4 నుంచి 380 వరకు ఊగుతోంది. ఆప్టికల్ పవర్ మైనస్ 26.1 డీబీఎం. ట్యాబ్‌లు 5 గిగాహెర్ట్జ్ పడతాయి. వర్షం పడ్డ రోజు రెండుసార్లు పెట్టె మీద ఎర్ర లైటు వచ్చింది.

బెజవాడ_ఓఎఫ్‌సీ

వైఫై సంగతి తేలిపోయింది, పై ఆయన చెప్పినట్టు చేయండి.

మైనస్ 26.1 మాత్రం అంచు మీద ఉన్నట్టు. సాధారణంగా పెట్టె మైనస్ 27 వరకు ఓర్చుకుంటుంది. వానకి జాయింట్‌లో చెమ్మ చేరితే ఇంకో ఒకటి పడిపోయి ఎర్ర లైటు వెలుగుతుంది. మైనస్ 15కీ 24కీ మధ్య ఉండాలి. అంకె చూపించి ఆపరేటర్‌ని అడగండి. ‘నెట్ స్లో’ అంటే ఎవరూ కదలరు, ‘ఆర్‌ఎక్స్ 26 ఉంది’ అంటే మనిషి వస్తాడు. ఫైబర్ తీగ ఒక కిలోమీటరుకి తినేది 0.35 డీబీ లోపే. కాబట్టి దూరం వల్ల ఇంత పోదు. పోయేది మలుపుల్లో, మురికి కనెక్టర్లలో, సరిగా అతకని జాయింట్లలో.

వచ్చినవాడితో మూడు చూపించండి. కిటికీ సందులోంచి తీగ మడిచి లాగారేమో, రూపాయి బిళ్ళంత చుట్టు కూడా లేకుండా నొక్కారేమో. కనెక్టర్ కొస దుమ్ము తుడవడం, అది ఆల్కహాల్ వైప్‌తో, చొక్కా అంచుతో కాదు. మూడోది, ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం సాకెట్‌లో దూర్చారేమో. పచ్చదాని కొస 8 డిగ్రీలు వాలుగా కోసి ఉంటుంది, నీలం సూటిగా ఉంటుంది. దూరుతుంది గానీ సగం వెలుగు అక్కడే పోతుంది.

అటక_సర్వర్

వైఫై బాగుపడ్డాక బడిలో సర్వర్, అంటే మీరడిగిన పాఠాలు దాచే కంప్యూటర్, పెట్టండి. ఆ వరుస తప్పొద్దు. సర్వర్ బడిలో ఉన్నా పాఠం ట్యాబ్‌కి చేరేది అదే వైఫై మీద కదా. వైఫై బాగుచేయకుండా సర్వర్ పెట్టి, ఇదీ ఆడట్లేదని మూలన పడేసిన బళ్లు ఉన్నాయి.

ఎందుకు పెట్టాలో ఒక లెక్క. 40 నిమిషాల పాఠం 480పీలో 330 ఎంబీ. దాన్నే 40 ట్యాబ్‌లు విడివిడిగా బయట నుంచి తెచ్చుకుంటే 13.2 జీబీ. రోజుకి ఐదు పిరియడ్లు, నెలకి 22 రోజులు అంటే 1,450 జీబీ దాటుతుంది. మీ ప్లాన్‌లో నెల హద్దు ఎంతో చూసుకోండి. హద్దు దాటాక వేగం పడిపోతే నెలాఖరు వారం పాఠాలు ఉండవు. సర్వర్‌లో ఉంటే ఆ 330 ఎంబీ ఒక్కసారే దిగుతుంది. 100 లైను మీద 80 నికరంగా వచ్చినా గంటకి 36 జీబీ. తెల్లవారుజామున ఆరు గంటలు వదిలితే 200 జీబీ దిగుతుంది. హైస్పీడ్ లైను బడికి అసలు పనికొచ్చేది ఆ వేళలోనే అని నా అభిప్రాయం. పగలు దాన్ని ఖాళీగా ఉంచండి, నిల్వ చేయలేనివాటికి అది కావాలి.

యంత్రం: ఆఫీసుల నుంచి తీసేసిన చిన్న కంప్యూటర్లు రీఫర్బిష్డ్‌వి దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, లినక్స్. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ కూడా చాలుతుంది గానీ రెండు జాగ్రత్తలు. మెమరీ కార్డు మీద నడపకండి, కరెంటు పోయిన ప్రతిసారీ కార్డు చెడే ప్రమాదం ఉంది. ఎస్‌ఎస్‌డీ మీద నడపండి. ఫోన్ ఛార్జర్ పెట్టకండి. రాస్ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టుల 3 ఆంపియర్లు, రాస్ప్‌బెర్రీ పై 5కి 5 ఆంపియర్ల అసలు అడాప్టర్ కావాలి. తక్కువైతే డిస్కు మధ్యలో ఊడిపోతుంది.

అందులో రెండు ప్రోగ్రాములు. కోలిబ్రి, ఇది నెట్ లేని బడుల కోసమే తయారైంది. ఖాన్ అకాడమీ పాఠాలు, అభ్యాసాలు దీంట్లో దిగుతాయి, ఎవరు ఎంతవరకు చేశారో టీచరుకి కనిపిస్తుంది, మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. దించేటప్పుడు ఛానల్ (ఇక్కడ పాఠాల కట్ట) మొత్తం టిక్ పెట్టకండి, పదుల జీబీలు వచ్చిపడతాయి. ఆ నెల సిలబస్‌కి కావాల్సిన అంశాలే ఎంచుకోండి. రెండోది కివిక్స్, నెట్ లేకుండా సైట్లు చూపించేది. తెలుగు వికీపీడియా, ఇంగ్లీష్ వికీపీడియా, ఫెట్ సిమ్యులేషన్లు ఒక్కో జిమ్ ఫైలుగా ఉంటాయి. బొమ్మలతో సహా ఇంగ్లీష్ వికీపీడియా 100 జీబీ దాటుతుంది, తెలుగుది అందులో చిన్న వంతు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్‌లో తెలుగులోకి మార్చినవి చాలానే ఉన్నాయి, విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌తో మొదలుపెట్టండి. ల్యాబ్‌లో బల్బు, బ్యాటరీ లేని బడికి అంతకంటే మంచి మొదలు లేదు.

ఇబ్బంది పెట్టేవి చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో జిమ్ ఫైలు తెస్తే 4 జీబీ దగ్గర కాపీ ఆగిపోతుంది. డ్రైవ్ ఫ్యాట్32లో ఉందన్నమాట, ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి. రెండు ప్రోగ్రాములూ 8080 పోర్టే (ప్రోగ్రాము వాడే తలుపు నంబరు) అడిగితే కివిక్స్‌ని 8090కి మార్చండి. సర్వర్‌కి రౌటర్‌లో 192.168.1.10 లాంటి మారని అడ్రస్ కట్టి, ఆ అడ్రస్‌ని క్యూఆర్‌గా ప్రింట్ తీసి గోడకి అంటించండి. పిల్లల్ని గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే సర్వర్ కనిపించదు. గెస్ట్‌లో పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా కట్టేసి ఉంటాయి, ఆ ఐసొలేషన్ తీసేయాలి. ఫైబర్ తెగిన రోజు ట్యాబ్ ‘ఇంటర్నెట్ లేదు’ అని అడుగుతుంది, అప్పుడు కనెక్ట్ అయ్యే ఉండమని నొక్కాలి. లేకపోతే వైఫై వదిలేసి వెళ్లిపోతుంది. సెలవుల తర్వాత ఛార్జింగ్ పూర్తిగా అయిపోయిన ట్యాబ్‌లలో తేదీ వెనక్కి పోయి ఉంటుంది. బయటి సైట్లు ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అంటాయి. తేదీ సరిచేస్తే చాలు, నెట్‌వర్క్ జోలికి వెళ్లకండి.

కరెంటు: పెట్టె, స్విచ్, రెండు యాక్సెస్ పాయింట్లు, సర్వర్ కలిపి 60 వాట్లు అనుకోండి. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు. సగమే వాడి, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే 720. అంటే 12 గంటలు. ఫ్యాన్లు, లైట్లు ఆ ఇన్వర్టర్ మీద కలిపితే ఈ లెక్క పోయినట్టే. దానికి విడిగా ఒకటి పెట్టండి.

ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షా సంగతి కూడా. మన పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ దానిదే. యాప్‌లో ఒక ట్యాబ్‌లో దించిన పాఠాన్ని ఫైలుగా పక్క ట్యాబ్‌కి పంపొచ్చు, 40 సార్లు దించక్కర్లేదు. యూట్యూబ్ పాఠాల్ని మాత్రం తీసి సర్వర్‌లో పెట్టకండి, వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ లాంటివి దించుకోమనే ఇస్తారు, వ్యాపారానికి కాకుండా పేరు చెప్పి వాడుకుంటే చాలు.

పాఠం_ముందు

తీగలూ ఛానళ్లూ బాగున్నాయి. ఒక మాట టీచర్ల వైపు నుంచి.

పెరూలో బడి పిల్లలకి లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో దాని మీద వచ్చిన పరిశీలనలో లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల మార్కులు పెరిగినట్టు కనబడలేదు. చాలా బళ్లలో నెట్ లేదు, ఏ పిరియడ్‌లో ఏం చేయాలో టీచర్లకి సరిగా అందలేదు. యంత్రం చేరడం, చదువు చేరడం ఒకటి కాదని అప్పుడే తేలింది. ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2024లో వేసిన లెక్కన అప్పటికి ప్రపంచంలో 260 కోట్ల మంది నెట్ బయటే ఉండేవారు. యునిసెఫ్, ఐటీయూ కలిసి 2019లో గిగా అని మొదలుపెట్టి, 2030 నాటికి ప్రతి బడికీ నెట్ చేర్చాలని చూస్తున్నారు. లైను వచ్చిన రోజు నుంచే టీచరు పని మొదలవుతుంది.

పిల్లాడికో ట్యాబ్ ఇచ్చి 40 నిమిషాల ఇంగ్లీష్ వీడియో పెడితే పది నిమిషాలకి క్లాసు చేజారుతుంది. తెలుగు మీడియం పిల్లలకి ఆ వేగం అందదు. ఇద్దరికో ట్యాబ్ ఇవ్వండి, 3.5 ఎంఎం స్ప్లిటర్‌తో రెండు ఇయర్‌ఫోన్లు. ఇద్దరూ మాట్లాడుకుంటారు, నెట్‌వర్క్ భారం సగమవుతుంది. ఆరేడు నిమిషాల ముక్క, ఆపి రెండు ప్రశ్నలు, నోట్సులో ఒక బొమ్మ, తర్వాతి ముక్క. వేగం 0.75కి తగ్గించి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టండి, పదం కంటికి కనబడితే చెవికి దొరుకుతుంది. కొత్త పదాలు పది ముందురోజే బోర్డు మీద తెలుగులో రాయాలి. సిమ్యులేషన్ అయితే ఐఎఫ్‌పీ మీద టీచరు ఒకసారి చేసి, ‘బ్యాటరీ ఇంకోటి కలిపితే బల్బు ఏమవుతుంది’ అని అడిగి, జవాబు నోట్సులో రాయించాకే ట్యాబ్ ఇవ్వాలి. ముందే ఇస్తే ఊరికే నొక్కుకుంటూ పోతారు.

లైవ్ క్లాసుకి ఉరుగ్వే పద్ధతి చూడండి. 2007లో సెయిబల్ అనే కార్యక్రమం మొదలుపెట్టి బళ్లకి నెట్ చేర్చారు. ఇంగ్లీష్ టీచర్లు చాలక 2012 నుంచి వేరే ఊళ్ల నుంచి, వేరే దేశాల నుంచి టీచర్లు స్క్రీన్ మీద చెబుతున్నారు. వారానికి ఒక పాఠమే స్క్రీన్ మీద. మిగతా రెండూ క్లాసులో ఉన్న టీచరే సాధన చేయిస్తారు. ఆ మూడింటికీ కలిపి ఒకే ప్రణాళిక ఉంటుంది. క్లాసులోని టీచరు బయటికి వెళ్లిపోతే లైవ్ క్లాసు నిలవదు.

చేరువ_క్లాసు

లైవ్‌కి సాంకేతికంగా కావాల్సింది తక్కువే. 40 ట్యాబ్‌లు కలపకండి. ఐఎఫ్‌పీకి ఒక ల్యాప్‌టాప్, ఒక కెమెరా. 720పీలో రెండు వైపులా 3 ఎంబీపీఎస్ ఉంటే చాలు. ల్యాప్‌టాప్‌కి వైఫై కాదు, కేబుల్. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (లైనులో వరుస పేరుకోకుండా చూసే సెట్టింగ్) ఉంటే దాన్ని ఆన్ చేసి, వేగం లైనులో 85, 90 శాతానికి కట్టండి. అప్పుడు పక్క గదిలో ఎవరు ఏం దించినా మాట తెగదు.

అసలు చెడేది బొమ్మ కాదు, శబ్దం. నాలుగు సీలింగ్ ఫ్యాన్లు, పైన స్లాబు, కింద గచ్చు. గది మోగుతుంది. యాప్‌లో ఉండే శబ్దం తగ్గించే సెట్టింగ్ ఫ్యాన్ హోరుతో పాటు వెనక బెంచీ పిల్ల గొంతునీ కోసేస్తుంది. అవతల ఉన్నాయనకి పిల్లలు పలకట్లేదనిపిస్తుంది. పిల్లలు పలుకుతూనే ఉంటారు. తీగలేని చేతి మైకు ఒకటి బెంచీల మధ్య తిప్పండి, నోటికి జానెడు దూరం. స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి పోకుండా ప్యానెల్ స్పీకర్ తగ్గించి, వెనకవాళ్లకి చిన్న స్పీకర్ ఒకటి గది మధ్యలో పెట్టండి. యూఎస్‌బీ కెమెరా తీగ 5 మీటర్లు దాటితే తెగి తెగి వస్తుంది, అంతకంటే దూరమైతే యాక్టివ్ కేబుల్ (దారిలో సిగ్నల్‌ని పెంచేది) కొనాలి.

వేళలు ముందే రాసిపెట్టుకోండి. మన జిల్లాల వాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు, చెప్పడానికి మనసున్నవాళ్లు దొరుకుతారు. న్యూయార్క్‌లో రాత్రి 9 అంటే వేసవిలో మనకి ఉదయం 6:30, చలికాలంలో 7:30. పదో తరగతి ఉదయం స్టడీకి సరిపోతుంది. కాలిఫోర్నియాలో రాత్రి 8 అంటే మనకి 8:30, చలికాలంలో 9:30, అంటే మొదటి పిరియడ్. లండన్ ఉదయం 9 మనకి మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. అమెరికాలో మార్చిలో, నవంబరులో గడియారం గంట మారుతుంది. ఆ వారం క్లాసులు తప్పిపోయేది అందుకే.

పిల్లల మొహాలు రికార్డు చేయకండి, కెమెరా రికార్డింగ్ టీచరు స్క్రీన్ వరకే. కోలిబ్రిలో పేర్ల బదులు రోల్ నంబర్లు వాడండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం 18 లోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికే సేవ) 1.1.1.3 పెడితే పెద్దల సైట్లు చాలావరకు ఆగుతాయి. ట్యాబ్‌లలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆఫ్ చేయకపోతే దాన్ని దాటేస్తారు.

లంక_టవర్

లంక బడి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ఒడ్డున ఫైబర్ ఉన్న బడో పంచాయతీ ఆఫీసో 3 కిలోమీటర్లలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ రేడియోలు (ఒకదానికొకటి గురిపెట్టి నెట్ పంపేవి) రెండు, చెరో ఒడ్డున. ఆ బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదు, పవర్ హద్దులు పాటించాలి. ఎదురెదురు కనబడితే చాలదు. తరంగం మధ్యలో ఉబ్బుతుంది. 3 కిలోమీటర్లకి మధ్యలో ఆ ఉబ్బు సూటి గీత నుంచి చుట్టూ 6 మీటర్లు, అందులో కనీసం 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. అరటితోట అడ్డు కాదు, కొబ్బరిచెట్లు అడ్డే. కాబట్టి స్తంభం కొబ్బరి తల కంటే నాలుగు మీటర్లు పైకి లేవాలి. చెట్టు ఏటా పెరుగుతుందని కూడా చూసుకోండి. స్తంభానికి ఎర్తింగ్ విడిగా, తీగ రేడియో నుంచి లోపలికి వచ్చేచోట సర్జ్ ప్రొటెక్టర్. వరద నీరు గదిలోకి వచ్చే ఊరైతే పెట్టె, బ్యాటరీ కిటికీ పైన బల్ల మీద ఉండాలి.

అది కుదరకపోతే 4జీ, కానీ గదిలో పెట్టే డబ్బా కాదు. డాబా మీద బిగించే బయటి రకం, లోపలికి ఒక్క పీఓఈ తీగ. టవర్ వైపు తిప్పి సిగ్నల్ అంకె చూస్తూ బిగించాలి. 10 ఎంబీపీఎస్ వచ్చినా అటక గారు చెప్పిన సర్వర్‌తో ఆ బడి నడుస్తుంది. రాత్రంతా నింపుకుంటుంది, లైవ్‌కి 3 చాలు.

ఉపగ్రహం కొత్త మాట కాదు. 2004లో శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది, చదువు కోసమే. అది 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉండేది. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది. టీచరు చెప్పి పిల్లలు వినడానికి చాలు, ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఇబ్బంది. 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే కొత్త ఉపగ్రహాలకి ఆ ఆలస్యం పదుల మిల్లీసెకన్లకి దిగింది. వాటికి ఆకాశం నాలుగు వైపులా తెరిచి ఉండాలి. కొబ్బరితోట మధ్యలో డాబా మీద పెడితే ఉపగ్రహం చెట్టు వెనక్కి వెళ్లినప్పుడల్లా తెగుతుంది.

దుగ్గిరాల_కాలువ

చాలా సంతోషమండీ అందరికీ. ముందు ఆపరేటర్‌తో జాయింట్, తర్వాత గదికో యాక్సెస్ పాయింట్, ఆ తర్వాత సర్వర్. 300 ప్లాన్ వద్దని చెప్పేశాం. ఒక్కటి అడుగుతాను: ట్యాబ్‌లు 40 ఒకేసారి ఛార్జింగ్ పెడితే గది వైరింగ్ తట్టుకుంటుందా?

తొమ్మిదంగుళాల_గోడ

ఒక్కో ఛార్జర్ 10 వాట్లు అనుకుంటే 40కి 400 వాట్లు, అంటే 230 వోల్టుల మీద 2 ఆంపియర్లు కూడా కాదు. వైరింగ్‌కి భారం లేదు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి ఇంకో బోర్డు, దాన్నుంచి ఇంకోటి తగిలించకండి, మొదటి ప్లగ్గు వదులై వేడెక్కి కరుగుతుంది. పది పాయింట్ల బోర్డులు నాలుగు, నాలుగూ విడి సాకెట్లకి. చెక్క బీరువా అయితే వెనక పలకకి గాలి ఆడేలా రంధ్రాలు వేయించండి, పైన ఒక ఎంసీబీ 6 ఆంపియర్లది. రాత్రి తాళం వేసి ఛార్జింగ్‌లో వదలొద్దు, సాయంత్రం చివరి పిరియడ్‌లో పెట్టి గంట కొట్టాక తీసేయండి.